టైరు ముందు, రిమ్ము తర్వాత

ఆదివారం, రాత్రి

చాన్నాళ్లుగా నానుతున్న విషయం ఈరోజు తేలిపోయింది. ట్రాక్ డేలకి (రేసు ట్రాక్ మీద సొంత కారు నడుపుకునే రోజులకి) నా చిన్న కారుకి ఏ టైర్లు వేయాలి, ఏ రిమ్ములు వేయాలి అన్నది. నిజానికి తేలింది టైరే. టైరు తేలాక రిమ్ము దానంతట అదే తేలిపోయింది. చాలామంది ముందు ఫొటోలో నచ్చిన రిమ్ము కొనేసి, ఆ తర్వాత దానికి సరిపడే టైరు కోసం వెతుకుతారు. ఆ సైజులో ట్రాక్‌కి పనికొచ్చే టైరు ఎవరూ తయారుచేయకపోతే అందమైన రిమ్ము మీద మామూలు టైరు వేసుకుని తిరగాల్సిందే. రోడ్డుని పట్టుకునేది టైరు. రిమ్ము పని దాన్ని సరైన చోట, సరైన వెడల్పులో నిలబెట్టడం వరకే.

పొద్దున్నే ఎండ ముదరకముందు జాకీ వేసి ముందు ఎడమ చక్రం ఊడదీశాను. కుడి మలుపులు ఎక్కువున్న ట్రాక్‌లో భారమంతా పడేది దాని మీదే కాబట్టి కథ మొత్తం అక్కడే రాసి ఉంటుంది. టైరు లోపలి భాగం, మధ్య భాగం దాదాపు కొత్తగానే ఉన్నాయి. బయటి భుజం మాత్రం గుండ్రంగా అరిగిపోయింది. అరచేయి ఒకవైపుకి జరిపితే నున్నగా ఉంది, వెనక్కి లాగితే రంపపు పళ్లలా గుచ్చుకుంటోంది. భుజం దగ్గర సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద ఒక చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. అరుగుదల సూచిక ఎక్కడుందో చెప్పడానికి కంపెనీవాళ్లు వేసేది. ట్రాక్‌కి వెళ్లేవాళ్లకి అది ఇంకో రకంగా పనికొస్తుంది: రుద్దుడు గీతలు ఆ త్రికోణం కొస దాకా వచ్చి ఆగితే గాలి, కాంబర్ (చక్రం నిలువు నుంచి ఎంత వాలి ఉందన్న కోణం) దాదాపు సరిగ్గా ఉన్నట్టే. నా టైరు మీద గీతలు త్రికోణాన్ని దాటి వేలిగోరు వెడల్పు కిందికి దిగాయి. అంటే మలుపులో టైరు ట్రెడ్ (నేలని తాకే ముఖం) మీద కాకుండా తన పక్క మీద నడుస్తోంది.

కారణం తెలిసిందే. ముందు చక్రాలకి మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకే కడ్డీగా ఉండే సస్పెన్షన్), మెత్తటి స్ప్రింగులు, కంపెనీ పెట్టిన కాంబర్ దాదాపు సున్నా. మలుపులో బాడీ బయటికి వాలితే దానితోపాటే చక్రం కూడా బయటికి వాలుతుంది. నాకు ఈ చిన్న విషయం చాలా ముఖ్యం. ఎందుకంటే ఇదే కారుకి ఇంకా గట్టిగా పట్టే టైరు వేస్తే కారు ఇంకా ఎక్కువ వాలుతుంది, భుజం ఇంకా త్వరగా పోతుంది. టైరు కొనేలోపే ముందు చక్రాలకి కనీసం రెండు డిగ్రీల నెగెటివ్ కాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) తెచ్చుకోవాలని అందుకే రాసుకున్నాను. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయించడం) లేకుండా ఖరీదైన టైరు వేయడమంటే సగం టైరుకి మొత్తం టైరు డబ్బు కట్టడం.

తమ్ముడు టేపు పట్టుకోవడానికి వచ్చి, చక్రం వైపు చూసి, "అక్కా, ఎలాగూ కొత్తవి కొంటున్నావు కదా, పదహారు వేసెయ్. పదిహేను మరీ చిన్నగా కనబడుతుంది" అన్నాడు. "ముందు దీన్ని తూచి చూడరా" అన్నాను. బరువు చూసుకునే మెషీన్ బయటికి తెచ్చి చక్రాన్ని దాని మీద పడుకోబెట్టాం. రిమ్ము, టైరు కలిపి పదహారు కిలోలు దాటింది. ఇది కంపెనీతో వచ్చిన 15×6 అల్లాయ్ (వ్యాసం 15, వెడల్పు 6 అంగుళాలు), మీద 185/60 ఆర్15 టైరు (వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 15 అంగుళాలు). పదహారు అంగుళాలకి వెళ్తే ఒక్కో చక్రానికి సాధారణంగా కిలో, రెండు కిలోలు పెరుగుతుంది. ఆ పెరిగే లోహం ఉండేది అంచు దగ్గర. తిరిగే వస్తువులో బరువు ఇరుసుకి ఎంత దూరంగా ఉంటే దాన్ని తిప్పడం, ఆపడం అంత కష్టం. ఆ కష్టం దూరం వర్గంతో పెరుగుతుంది. పైగా చక్రం బరువుని స్ప్రింగులు మోయవు, గతుకు తగిలినప్పుడు ఆ బరువే టైరుని నేల నుంచి లేపేస్తుంది. వంద హార్స్‌పవర్ కూడా లేని కారుకి ఇవన్నీ తెలిసిపోతాయి. వాడు కాసేపు ఆలోచించి, "అయితే పద్నాలుగు వేస్తే ఇంకా మంచిది కదా?" అన్నాడు. మంచి ప్రశ్నే. రిమ్ము లోపలి నుంచి కాలిపర్‌కి (బ్రేకు ప్యాడ్లని పట్టి ఉంచే భాగానికి) ఉన్న సందు కొలిచి చూపించాను. పద్నాలుగు పట్టదు. పట్టినా ఆ సైజులో ట్రాక్ టైర్లు బాగా తక్కువ. పదిహేనులో మాత్రం కావలసినన్ని ఉన్నాయి. మాజ్దా ఎంఎక్స్-5, పాత సివిక్‌లాంటి తేలికపాటి కార్లు ప్రపంచమంతా ట్రాకుల మీద తిరగడం వల్ల 195/50 ఆర్15, 205/50 ఆర్15 సైజుల్లో మంచి టైర్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

వెడల్పు దగ్గర మనసు కొంచెం అటూఇటూ ఊగింది. వెడల్పాటి టైరు వేస్తే నేలని తాకే చోటు పెరుగుతుందని అందరూ అనుకుంటారు. అది అంతగా పెరగదు. దాన్ని ఎక్కువగా నిర్ణయించేది మీద పడే బరువు, లోపలి గాలి. వెడల్పు పెరిగితే ఆ చోటు అడ్డంగా పెరిగి పొడవులో తగ్గుతుంది. మలుపులో అది మేలు చేస్తుంది, కాదనను. కానీ తేలిక కారు మరీ వెడల్పాటి టైరుని వేడెక్కించలేదు. ట్రాక్ కోసం చేసిన రబ్బరు చల్లగా ఉన్నంతసేపూ మామూలు టైరు కంటే గొప్పగా ఏమీ పట్టదు. ఎంఎక్స్-5 1989లో వచ్చినప్పుడు దాని టైరు 185/60 ఆర్14. ఆ కారు నడక గురించి జనం ఇప్పటికీ మాట్లాడుకుంటారు. 2012లో టయోటా జీటీ86ని తెచ్చినప్పుడు దానికి మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ టైర్లు వేసింది. ప్రియస్‌లాంటి కారుకి వేసే టైరు అది. కారు తక్కువ వేగంలోనే జారడం మొదలుపెట్టాలి, ఆ జారుడు నడిపేవాళ్ల చేతికి అందాలి అన్నది వాళ్ల ఉద్దేశం. నాకు ఆ ఆలోచన చాలా ఇష్టం. నేను ట్రాక్‌కి వెళ్లేది టైము కోసం కన్నా నేర్చుకోవడానికి. నాకు కావలసింది పట్టు వదిలే ముందు చెప్పి వదిలే టైరు.

అందుకే సెమీ స్లిక్‌లని (గాడులు బాగా తక్కువగా ఉండే, దాదాపు రేసు టైర్లని) పక్కన పెట్టేశాను. వాటి మీద కారు చాలా వేగంగా పోతుంది, నిజమే. కానీ చివరిదాకా పట్టుకుని ఉండి ఒక్కసారిగా వదిలేస్తాయి. నేను చేసే తప్పుల్ని అవి దాచేస్తాయి: బ్రేకు ఆలస్యంగా వేసినా, స్టీరింగ్ గబుక్కున తిప్పినా సర్దుకుపోతాయి. ఇంకోటి, అంత పట్టు దొరికితే చిన్న బ్రేకుల మీద వేడి పెరుగుతుంది, బేరింగుల మీద భారం పెరుగుతుంది. పొడవాటి మలుపులో ఇంజిన్ ఆయిల్ అంతా సంపులో (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టిలో) ఒక పక్కకి చేరి, పంపుకి ఆయిల్ అందని పరిస్థితి కూడా రావచ్చు. ఒక్క టైరు మార్చి, దాని వెనకాల మొత్తం కారుని మార్చుకుంటూ పోవాల్సి వస్తుంది. వాన పడితే వాటి గాడులు నీళ్లని తోడలేవు. ఇంటికి కూడా అదే టైర్ల మీద రావాలి.

మిగిలింది 200 ట్రెడ్‌వేర్ తరగతి. ఈ అంకె గురించి తమ్ముడికి కాసేపు చెప్పాను. ఇది అమెరికా ప్రభుత్వం పెట్టిన కొలమానం. 100 రాసి ఉన్న టైరుతో పోలిస్తే 200 రాసి ఉన్నది పరీక్ష మార్గంలో రెండింతలు మన్నాలి. అయితే అంకె వేసుకునేది టైరు కంపెనీయే. రెండు కంపెనీల 200లు ఒకటే అనుకోవడానికి లేదు. అక్కడి కొన్ని పోటీల్లో 200కి తగ్గకూడదని నియమం ఉండటంతో, సరిగ్గా ఆ గీత మీదే నిలబడి గట్టిగా పట్టే టైర్లు పుట్టుకొచ్చాయి. అందుకే అంకెతోపాటు ఎక్కువ ల్యాపులు వేశాక ఎలా ఉంటుందన్న మాట కూడా వినాలి. కొన్ని మొదటి రెండు ల్యాపులు అదరగొట్టి, తర్వాత వేడికి జిడ్డుగా అయిపోతాయి. కొన్ని కొంచెం తక్కువ పట్టినా చివరిదాకా ఒకేలా ఉంటాయి. నా ఓటు రెండోదానికే. కొత్త టైరు ట్రెడ్ ఎత్తుగా ఉన్నప్పుడు, గట్టిగా చెరిపేటప్పుడు పెన్సిల్ రబ్బరు వంగినట్టు ఒక్కో దిమ్మె వంగుతుంది. ఆ వంగడం వల్లే వేడి పుడుతుంది. కాబట్టి మొదటి రోజు పూర్తి జోరు మీద నడపకూడదు.

నాలుగు చక్రాలకీ ఒకే టైరు, ఒకే సైజు. ఇందులో బేరమే లేదు. ముందు చక్రాలు లాగే కారు కదా అని ముందు మాత్రం మంచివి వేసి వెనక పాతవి ఉంచేవాళ్లని చూస్తే భయమేస్తుంది. వెనక టైర్లు అసలే ఆలస్యంగా వేడెక్కుతాయి. మొదటి ల్యాపులో, మలుపు మధ్యలో, ఏదో తేడా అనిపించి కాలు తీస్తే వెనక భాగం ముందుకి వచ్చేస్తుంది.

మధ్యాహ్నం లెక్కలు వేశాను. 185/60 ఆర్15 ఎత్తు 603 మిల్లీమీటర్లు. 195/50 ఆర్15 ఎత్తు 576. అంటే నాలుగున్నర శాతం తక్కువ. గేర్లన్నీ ఆ మేరకు పొట్టివైపోతాయి, మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు కారు చురుగ్గా లాగుతుంది. స్పీడోమీటర్ ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తుంది. కారు నేలకి 13 మిల్లీమీటర్ల పైన దగ్గరవుతుంది, స్ప్రింగులు ముట్టుకోకుండానే. లోడ్ ఇండెక్స్ (ఒక్కో టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) మాత్రం చూసుకోవాలి: పాతది 84, అంటే 500 కిలోలు. ఈ సైజులో ఎక్కువగా 82 వస్తుంది, అంటే 475. నా కారు ముందు చక్రం మీద పడే బరువుకి అది చాలు. అయినా కారు పుస్తకంలో కనీసం ఎంత ఉండాలన్నారో చూసి, ఈ సెట్‌ని రోజువారీ తిరుగుడికి వాడకుండా పక్కన పెట్టుకుంటాను.

రిమ్ము వెడల్పు 7 అంగుళాలు. 195/50 టైరుకి ఒప్పుకునే వెడల్పు ఐదున్నర నుంచి ఏడు వరకు, అంటే పై హద్దు. సైడ్‌వాల్ నిటారుగా నిలబడి టైరు పక్కకి పొర్లడం తగ్గుతుంది. పొద్దున చూసిన ఆ భుజానికి ఇది సగం మందు. ఇప్పుడున్నది 15×6, ఈటీ 45 (ఈటీ అంటే రిమ్ము వెడల్పు మధ్య గీత నుంచి హబ్‌కి ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటికి ఉందో చెప్పే అంకె). కొత్తది 15×7, ఈటీ 40 అయితే రిమ్ము లోపలి అంచు దాదాపు 8 మిల్లీమీటర్లు లోపలికి, బయటి అంచు దాదాపు 18 మిల్లీమీటర్లు బయటికి జరుగుతాయి. ఇది కాగితం మీద. నిజంగా పడుతుందా అని చూడటానికి చక్రం మళ్లీ బిగించి, టైరుకీ స్ట్రట్‌కీ మధ్య అలెన్ కీలు ఒక్కొక్కటే దూర్చి చూశాను. 12 మిల్లీమీటర్లది తేలిగ్గా దూరింది, 14ది రాసుకుంటూ దూరింది. లోపల ఫరవాలేదు. బయటి వైపు, స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు ఫెండర్ లైనర్ దగ్గర మాత్రం అనుమానం. నెగెటివ్ కాంబర్ పెడితే టైరు పైభాగం లోపలికి వాలుతుంది కాబట్టి ఫెండర్ అంచు తప్పించుకుంటుంది, స్ట్రట్ వైపు సందు తగ్గొచ్చు. అందుకే కాంబర్ చేయించాక మరోసారి కొలిచి, అప్పుడే రిమ్ములు చెప్తాను.

రిమ్ము తయారీలో నా ఎంపిక ఫ్లో ఫార్మింగ్. మామూలు పోత రిమ్ము బరువు. ఫోర్జ్‌డ్ (లోహాన్ని గట్టి ఒత్తిడితో అణచి చేసింది) అయితే గట్టిది, తేలిక, కానీ చాలా ఖర్చు. ఫ్లో ఫార్మింగ్‌లో పోత పోసిన రిమ్ము అంచుని వేడి మీద రోలర్లతో సాగదీస్తారు, పలచగా ఉన్నా బలంగా ఉంటుంది. జేడబ్ల్యూఎల్ (జపాన్‌వాళ్ల అల్లాయ్ చక్రాల ప్రమాణం) ముద్ర ఉన్నదే తీసుకుంటాను. బ్రాండు డిజైన్‌ని కాపీ కొట్టిన, బరువు ఎంతో రాయని రిమ్ములు ట్రాక్ అంచుల మీద ఎక్కించడానికి నేను ఒప్పుకోను. చక్రం పగిలితే పోయేది చక్రం ఒక్కటే కాదు.

నట్లు కూడా రాసుకున్నాను. కంపెనీ నట్లకి కొన్ని కార్లలో గుండ్రటి సీటు ఉంటుంది, బయటి రిమ్ములకి ఎక్కువగా 60 డిగ్రీల శంకువు. రెండూ కలవకపోతే ఎంత బిగించినా వదులవుతాయి. హబ్ రింగులు (రిమ్ము మధ్య రంధ్రానికీ హబ్‌కీ మధ్య సందు నింపేవి) అల్యూమినియంవే కావాలి; ప్లాస్టిక్‌వైతే బ్రేకు వేడికి మెత్తబడతాయి. బిగింపు టార్క్ రెంచ్‌తోనే, పుస్తకంలో చెప్పినంతే. ప్రతి సెషన్ తర్వాత మళ్లీ చూడాలి.

గాలి సంగతి మైదానంలోనే తేలుతుంది. పది డిగ్రీలు వేడెక్కితే ఒకటిన్నర పీఎస్ఐ దాకా పెరుగుతుంది. కాబట్టి చల్లగా ఉన్నప్పటి అంకె కంటే సెషన్ అవగానే కొలిచిన అంకె ముఖ్యం. సైడ్‌వాల్ మీద సుద్దతో గీత గీసి, రుద్దుడు ఎక్కడిదాకా వచ్చిందో చూసి తగ్గించుకుంటూ పోవాలి. ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ నింపాలి.

సాయంత్రం టైర్లవాళ్లకి మెసేజ్ పెట్టాను: 195/50 ఆర్15, 200 తరగతి, నాలుగు. సైడ్‌వాల్ మీద డాట్ కోడ్ చివరి నాలుగంకెల ఫొటో పంపమన్నాను. మొదటి రెండూ టైరు తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నాలుగూ ఒకే ఏడాదివి కాకపోతే వద్దని కూడా రాశాను. ఇంకా జవాబు రాలేదు. రేపు అలైన్‌మెంట్‌కి అపాయింట్‌మెంట్ అడగాలి.