ఇరవై అంకెల టోకెన్: అద్దె గదులకు ప్రీపెయిడ్ మీటర్లు పెట్టించిన నా అనుభవం

నెల్లూరులో ఆసుపత్రులు ఎక్కువగా ఉండే పొగతోటకు దగ్గరలో మాకొక మేడ ఉంది. కింద మేముంటాము. పైన వరుసగా ఉన్న గదులలో నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, కోచింగ్‌కు వచ్చిన ఆడపిల్లలు అద్దెకు ఉంటారు. ఆ గదులన్నిటికీ విడివిడిగా ప్రీపెయిడ్ సబ్‌మీటర్లు, అంటే ముందుగా డబ్బు కట్టినంత మేరకే కరెంటు ఇచ్చే మన సొంత మీటర్లు, పెట్టించే పని ఈ మధ్యనే ఒక కొలిక్కి వచ్చింది. ఇదే ఆలోచనలో ఉన్న ఇంటి యజమానులకు, మీటర్లు అమ్మేవారు నోరు విప్పి చెప్పని సంగతి ఒకటి తెలియాలని జరిగినది జరిగినట్లు రాస్తున్నాను.

పై అంతస్తు మొత్తానికి ఒకటే సర్వీసు (కరెంటు కనెక్షన్) కావడం వల్ల నెలనెలా తగవు వచ్చేది. బిల్లును గదుల సంఖ్యతో భాగిస్తే, రాత్రి డ్యూటీలు చేసి పగలు నిద్రపోయే అమ్మాయికీ, కూలర్ ఆపకుండా వాడే అమ్మాయికీ ఒకే మొత్తం పడేది. దానికి తోడు, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబుల దెబ్బ ఒకటి. 2022లో సవరించిన గృహ వినియోగ ధరల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. నాలుగు గదులవారు తలా 100 యూనిట్లు వాడితే, విడి సర్వీసులు ఉన్నప్పుడు ఒక్కొక్కరికి వాడకం ఛార్జీ రూ.304.50 చొప్పున మొత్తం రూ.1,218 అవుతుంది. అదే 400 యూనిట్లు ఒకే మీటరు మీద తిరిగితే రూ.2,548.25 అవుతుంది. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని కాబట్టి ఈ పట్టికను నేనే వేసి, గోడకు అంటించి, అందరికీ అర్థమయ్యేలా చెప్పాను. ఇంత స్పష్టంగా లెక్క చూపించే ఇంటి యజమాని మా వీధిలో మరొకరు లేరని ధైర్యంగా చెప్పగలను.

అందుచేత మీ పోర్షన్లకు విడి వంటగదులు, విడి ద్వారాలు ఉండి విడి సర్వీసులు వచ్చే వీలుంటే, సబ్‌మీటర్ల జోలికి పోకుండా వాటినే తీసుకోండి. 2003 విద్యుత్ చట్టం 47వ సెక్షన్ ఐదవ ఉపవిభాగం ప్రకారం ప్రీపేమెంట్ మీటరు ద్వారా కరెంటు తీసుకోవడానికి సిద్ధపడిన వినియోగదారును ఆ సెక్షన్ కింద సరఫరాకు సెక్యూరిటీ డిపాజిట్ అడగడానికి వీలులేదు. మావి వంటగది లేని ఒంటి గదులు కాబట్టి నాకు ఆ దారి కుదరలేదు. విద్యుత్ శాఖవారి మీటరు ముట్టుకోకుండా, దాని సీలు కదలకుండా, ఆ తరువాత వచ్చే మన సొంత వైరింగులో మన మీటర్లు పెట్టుకోవడమే మిగిలింది.

వైరింగు పని ఎలక్ట్రీషియన్ నిదానంగానే అయినా శుభ్రంగా చేశాడు. పాత ఇళ్ళలో రెండు మూడు గదులకు కలిపి ఒకే న్యూట్రల్ తీగ లాగి ఉంటుంది. ఫేజులో వెళ్ళిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటూ సమానంగా లేకపోతే ఈ మీటర్లు దొంగతనంగా భావించి సరఫరా ఆపేస్తాయి. కాబట్టి ప్రతి గదికీ విడి న్యూట్రల్ లాగించవలసి వచ్చింది. ఇన్వర్టర్ లైనును కూడా పూర్తిగా వేరు చేయించాము. ఈ రెండూ ముందే చేయించుకోండి.

అసలు కష్టం మీటర్ల దగ్గర వచ్చింది. చెన్నైలోని ఒక డీలరు దగ్గర, ప్రీపెయిడ్ మీటర్లకు వర్తించే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 15884 ముద్ర చూసి, ఇరవై అంకెల టోకెన్, అంటే ఒక సంకేత సంఖ్య, నొక్కి రీఛార్జి చేసే రకం కొన్నాను. అద్దెకున్నవారు నాకు ఫోన్‌పేలో డబ్బు పంపితే, నేను డీలరు ఇచ్చిన వెబ్‌సైటులో ఆ మొత్తం నమోదు చేస్తాను. అక్కడ వచ్చిన టోకెన్‌ను వాట్సాప్‌లో పంపితే వారు మీటరు మీద నొక్కుకుంటారు. ఫ్యాక్టరీలోనే కొన్ని యూనిట్లు నింపి ఇవ్వడం వల్ల మొదట్లో అన్నీ చక్కగా పనిచేశాయి. బిగించిన రోజున డీలరు మనిషి దర్జాగా డబ్బు లెక్కపెట్టుకుని వెళ్ళాడు.

నింపి ఇచ్చిన యూనిట్లు దాదాపు అన్ని గదులలోనూ ఒకేసారి అయిపోవచ్చాయి. అది 2025 మే నెల, రోహిణి కార్తె ఎండలు. సాయంత్రం అందరూ డబ్బు పంపారు, నేను అందరికీ టోకెన్లు పంపాను. ఒక్క మీటరు కూడా తీసుకోలేదు. అంకెలన్నీ నొక్కిన తరువాత తెర మీద తిరస్కరించినట్లు గుర్తు వచ్చేది. అంకెలు తప్పు పడ్డాయేమోనని నేనే పైకి వెళ్ళి, ఒకరు చదువుతుంటే ఒక్కొక్కటీ నొక్కి చూశాను. ఫలితం అదే. చీకటి పడేసరికి ఒక్కొక్క గదిలో ఫ్యాను ఆగిపోవడం మొదలైంది. డీలరుకు ఫోన్ చేస్తే, మీ పిల్లలకు నొక్కడం చేతకావడం లేదని ఒకసారి, మీ ఇంట్లో వోల్టేజి సరిగా లేదని మరొకసారి చెప్పి, ఆ తరువాత ఎత్తడం మానేశాడు.

డ్యూటీ నుంచి అలసిపోయి వచ్చిన ఒక నర్సు అమ్మాయి వరండాలో నిలబడి, ఎదురింటివారు వింటుండగా, “ఆంటీ, డబ్బు తీసుకుని మరీ కరెంటు తీసేశారు” అంది. ఉదయగిరి దగ్గర పల్లె నుంచి మరో అమ్మాయి తండ్రి ఫోన్ చేసి, “మేడం, మిమ్మల్ని నమ్మి పిల్లను అక్కడ ఉంచితే చీకట్లో కూర్చోబెడతారా?” అని అడిగాడు. ఇన్నేళ్ళ నా జీవితంలో ఒకరి సొమ్ము ఒక్క రూపాయి ఉంచుకున్నదాన్ని కాను. అటువంటి నన్ను నలుగురిలో ఆ మాట అనవలసిన పరిస్థితి ఆ పిల్లకు కల్పించినవాడు చెన్నైలో తన దుకాణం మూసుకుని హాయిగా నిద్రపోయాడు. ఆ రాత్రే ఎలక్ట్రీషియన్‌ను బతిమాలి పిలిపించి, సబ్‌మీటర్లను తప్పించి నేరుగా లైను కలిపించాను. అందరి డబ్బూ అందరికీ తిరిగి పంపించిన తరువాతే పడుకున్నాను.

మర్నాటి నుంచి మీటరుతో వచ్చిన పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. అందులో ఎస్.టి.ఎస్. అనే, ఇటువంటి మీటర్ల టోకెన్లకు సంబంధించిన ప్రమాణం పేరు ఉంది. ఆ ప్రమాణం గురించి చదివితే విషయం బయటపడింది. ప్రతి టోకెన్‌లోనూ అది తయారైన సమయం 1993 జనవరి 1 నుంచి ఎన్ని నిమిషాలు గడిచాయో లెక్కగా దాగి ఉంటుంది. ఒకసారి వాడిన టోకెన్‌ను మళ్ళీ వాడకుండా మీటరు ఆ లెక్కతోనే పసిగడుతుంది. ఆ లెక్కకు కేటాయించిన చోటు 24 బిట్లు, అంటే ఒక కోటి 67 లక్షల చిల్లర నిమిషాలు. 2024 నవంబరు 24తో ఆ చోటు నిండిపోయింది. అందుకని లెక్కను 2014 నుంచి మొదలయ్యేలా మార్చి, దానితో పాటు మీటరు లోపలి రహస్య సంకేతాన్ని, అంటే కీని కూడా మార్చారు. పాత మీటరుకు ముందుగా రెండు కీ మార్పిడి టోకెన్లు వరుసగా నొక్కితేనే అది కొత్త టోకెన్లను గుర్తుపడుతుంది. టోకెన్లు ఇచ్చే వెబ్‌సైటు కొత్త పద్ధతికి మారిపోయింది, నాకు అంటగట్టిన సరుకు మాత్రం పాతది. పాత తాళం వేసిన ఇంటికి కొత్త తాళంచెవులు ఇచ్చినట్లయింది.

నేను డీలరుకు మళ్ళీ ఫోన్ చేసి, వోల్టేజి సంగతి వదిలిపెట్టి, ప్రతి మీటరు సీరియల్ నంబరుకూ రెండేసి కీ మార్పిడి టోకెన్లు కావాలని పేరు పెట్టి అడిగాను. అవతల కొంతసేపు మాట రాలేదు. అంతవరకు అందుబాటులో లేని మనిషి ఆ మధ్యాహ్నానికల్లా అన్నీ పంపించాడు. వరుస తప్పకుండా మొదటిది, రెండవది, ఆ తరువాత రీఛార్జి టోకెన్ నొక్కితే ప్రతి మీటరూ తీసుకుంది. వాడికి మొదటి నుంచీ తెలుసని నా నమ్మకం. చెబితే పాత సరుకు అమ్మానని ఒప్పుకోవలసి వస్తుందని చెప్పలేదు. అమ్మే వస్తువు గురించి తెలిసిన లోపాన్ని దాచడం వ్యాపారం కాదు, మోసం. కొనేముందు ఆ మీటరు 2014 లెక్కకు మారిందో లేదో కాగితం మీద రాయించుకోండి. మీ ఎదుట, ఆ రోజే తయారైన టోకెన్ ఒకటి నొక్కించి చూడండి. ఫ్యాక్టరీలో నింపిన యూనిట్లతో వెలిగిన బల్బును చూసి డబ్బు ఇవ్వకండి.

ఇప్పుడు యూనిట్ ధర ఎలా నిర్ణయిస్తున్నానంటే, విద్యుత్ శాఖ బిల్లు మొత్తాన్ని, అందులోని స్థిర ఛార్జీలు, ఇంధన సర్దుబాటు, విద్యుత్ సుంకంతో సహా, మెయిన్ మీటరు యూనిట్లతో భాగిస్తాను. ఆ బిల్లు ఫొటో, భాగహారం రెండూ గ్రూపులో పెడతాను. మెట్ల లైటు, నీళ్ళ మోటారు ఖర్చు నాదే. కరెంటు మీద ఒక్క పైసా లాభం తీసుకోను. పక్క వీధిలో ఒకాయన యూనిట్‌కు తనకు తోచిన ధర వేసి పిల్లల దగ్గర వసూలు చేస్తున్నాడని విన్నాను, అది తప్పు. అలాగే అద్దె బాకీ ఉన్నవారికి టోకెన్ ఆపడం కూడా నేను చేయను. రాత్రి వేళ బ్యాలెన్సు అయిపోయినా తెల్లవారేదాకా సరఫరా ఆగకుండా, అత్యవసర యూనిట్లు కొన్ని ఉండేలా ప్రతి మీటరులోనూ అమర్చించాను.

నర్సు అమ్మాయి తరువాత వచ్చి క్షమించమంది. తప్పు నీది కాదని చెప్పి పంపాను. డీలరు మాత్రం మొన్న ఫోన్ చేసి, వెబ్‌సైటు నిర్వహణకు ఏటా కొంత మొత్తం కట్టాలన్నాడు. కొన్నప్పటి రసీదులో ఆ మాట ఎక్కడుందో చూపించమని, టోకెన్లు వేరొకరి ద్వారా తీసుకునేందుకు కావలసిన మీటర్ల వివరాలన్నీ రాతపూర్వకంగా ఇమ్మని అడిగాను. కనుక్కుని చెబుతానన్నాడు. రసీదు, ఆ రాత్రి అతనికి చేసిన కాల్స్ జాబితా, తిరస్కరణ గుర్తు కనిపిస్తున్న తెరల ఫొటోలు అన్నీ ఒక ఫైలులో పెట్టి ఉంచాను. వివరాలు ఇవ్వకపోతే వాటితో వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను.