142 హెర్ట్జ్ దగ్గర జీర: పనస చెక్క స్పీకరు, నాలుగో డబ్బా

పదకొండు రోజులు. బాబాయి కోసం ఇంట్లో కడుతున్న బ్లూటూత్ స్పీకరులో ఒక్క జీర కోసం పదకొండు రోజులు పోయాయి. నిన్న సాయంత్రం దొరికింది, అదీ నేను పట్టుకున్నది కాదు, బాబాయి పొట్ట పట్టుకుంది. ఆ ముచ్చట తర్వాత, ముందు నా కోపం తీరనివ్వండి.

కిందటిసారి రాసేటప్పటికి డబ్బాకి మూత పడింది, పాట మొదలైంది. బ్లూటూత్ బోర్డు నుంచి వచ్చే సన్నటి కూత దానికి కరెంటు విడిగా ఇచ్చే బి0505ఎస్ కన్వర్టర్ పెట్టగానే పోయింది. బ్యాటరీ బాబాయి రొయ్యల చెరువు దగ్గర మామూలు సౌండులో 8 గంటల 40 నిమిషాలు వచ్చింది, 2,600 ఎంఏహెచ్ సెల్స్ మూడింటికి అది లెక్కే. ఈ రెండూ అయిపోయినట్టే.

ఇక జీర. ఫోన్‌లో టోన్ పెట్టి 40 హెర్ట్జ్ (సెకనుకి 40 కంపనాలు) నుంచి మెల్లగా పైకి తీసుకెళ్తే 138 దగ్గర మొదలవుతుంది, 142 దగ్గర భరించలేం, 147 దాటితే ఏమీ ఎరగనట్టు మాయం. సౌండు 60 శాతం లోపల ఉంటే అసలు లేదు. ఎండిన తాటాకు గాలికి దూలానికి కొట్టుకున్నట్టు ఉంటుంది ఆ చప్పుడు. పాటల్లో అయితే ఆడగొంతుకి ఏమీ లేదు, మగగొంతు మంద్రంలోకి దిగితే మాత్రం పాపం ఆయనకి పడిశం పట్టినట్టే.

మొదటి అనుమానం డ్రైవర్ మీద, అంటే సౌండు పుట్టించే కోను మీద. 3 అంగుళాల 4 ఓమ్స్ ఫుల్ రేంజ్, లోపలి తీగచుట్ట (కాయిల్) రాసుకుంటోందేమో అని బయటికి తీసి బల్ల మీద వెల్లకిలా పెట్టి అదే టోను, అదే సౌండు ఇచ్చాను. శుభ్రంగా ఉంది. రెండోది ప్యాసివ్ రేడియేటర్, కరెంటు లేకుండా డబ్బా లోపలి గాలికే ఊగి బాస్ పెంచే రేకు. కిందటిసారి దాని ట్యూనింగ్, అంటే అది బాగా ఊగే స్థాయి, 88 దగ్గర ఆగిపోయిందని బరువు కట్టాను కదా, ఊళ్లో కంసాలి త్రాసు మీద తూచిన వాషర్లు, 5.1 గ్రాములు. 9 గ్రాముల రేకు మీద అంత బరువు పడితే లెక్కలో 70కి రావాలి, 73కి వచ్చింది. (కొలిచే పద్ధతి పాతదే, డ్రైవర్ కోను మీద చిటికెడు బొంబాయి రవ్వ. ఎక్కడ రవ్వ గెంతడం మానేసి ప్యాసివ్ మీదది గెంతుతుందో అదే ట్యూనింగ్. మా ఆవిడ ఆ రవ్వని మళ్లీ డబ్బాలో పోయనివ్వలేదు.) వాషర్లు ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నాయా అని రబ్బరు జిగురు పెట్టి ఒకటే ముద్ద చేశాను, ఒక రాత్రి ఆరబెట్టాను. జీర అలాగే ఉంది.

మూడో రోజు దొరికేసిందనుకున్నాను. చెవి పెట్టుకుని గదంతా తిరిగితే జీర వంటింట్లోంచి వస్తోంది! స్టీలు సామాన్ల స్టాండులో ఒక గ్లాసు ఇంకో గ్లాసులో వదులుగా కూర్చుని టోనుకి వణుకుతోంది. తీసి కింద పెట్టాను, తృప్తిగా అన్నం తిన్నాను. తిని వచ్చి మళ్లీ వేస్తే, గ్లాసు జీర 125 దగ్గరదట, మనది 142 దగ్గరది మన దగ్గరే క్షేమంగా ఉంది.

తర్వాత కొబ్బరి పీచు. లోపల ప్రతిధ్వని చావడానికి పాలిస్టర్ దూది బదులు పీచు పెట్టాను, కోనసీమలో ఉండి దూది కొనడం సిగ్గుచేటని. కడిగి, రెండెండలు ఎండబెట్టి, 28 గ్రాములు. ఏదైనా పోగు లేచి కోనుకి తగులుతోందేమో అని మొత్తం పీకేశాను. జీర తగ్గలేదు సరికదా మధ్య గొంతులన్నీ గాబులోంచి వచ్చినట్టు అయిపోయాయి. మళ్లీ పెట్టాను. పీచు పనిచేస్తుంది అన్నది దీనివల్ల తేలిన ఒకే ఒక్క మంచి.

అయిదో రోజు అగరబత్తి. 40 దగ్గర టోను పెట్టి అతుకుల వెంట పొగ పోనిస్తే గాలి ఎక్కడ కారుతుందో అక్కడ పొగ తుళ్లుతుంది. ఛార్జింగ్ సాకెట్ దగ్గర తుళ్లింది, హాట్ గ్లూ పోశాను. బాస్ కాస్త గట్టిపడింది, జీర గట్టిగానే ఉంది. ఇక్కడే నా తెలివితక్కువ ఒకటి ఉంది, గుర్తుపెట్టుకోండి: డబ్బా బల్ల మీద నిలబెట్టే పొగ పెట్టాను, కాబట్టి కింద అంచు చూడలేదు.

ఇంకో తిక్క ఏంటంటే ఆ అంకె కదులుతుంది. వాన పడిన పొద్దున 142, ఎండ కాసిన మధ్యాహ్నం 149. యాంప్ (డ్రైవర్‌కి సౌండు పెంచి ఇచ్చే బోర్డు) వేడెక్కి ఏదో అవుతోందనుకుని టీపీఏ3118 బోర్డు మీద వేలు పెట్టి కూర్చున్నాను, అది వెచ్చగా కూడా లేదు. దానికి మాత్రం పనేముంది, 11.1 వోల్టుల మీద 4 ఓమ్స్‌కి లెక్కలో దాదాపు 15 వాట్లే. అమ్మేవాళ్లు దాని మీద 60 వాట్లు అని రాస్తారు, అది 24 వోల్టులు ఇచ్చినప్పటి మాట. వాట్లు చూసి స్పీకరు కొనేవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పేది ఇదే, వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే దాదాపు పది రెట్లు వాట్లు కావాలి. సెల్స్ కథ ఇంకా ఘోరం. 9,800 ఎంఏహెచ్ అని రాసిన 18650 సైజు సెల్స్ ఇప్పటికీ అమ్ముతున్నారు, మంచి కంపెనీలవే మామూలుగా రెండు వేల నుంచి మూడున్నర వేల మధ్య ఉంటాయి.

చెక్కే మోగుతోందా? ఇది నన్ను ఎక్కువ భయపెట్టింది, ఎందుకంటే ఈ డబ్బా అంతా ఆ చెక్క కోసమే కట్టాను. తాతగారి మంచం తాలూకు పనస, నూనె పెడితే పసుపు రంగు తేలి చూడముచ్చటగా ఉంటుంది. బొబ్బిలి వీణలు పనసతోనే చేస్తారు కదా, అలాంటి చెక్క ఇంట్లో ఉండగా ప్లాస్టిక్ ఎందుకు అని మొదట్లో గొప్పగా రాశాను. ఇప్పుడు నవ్వొస్తోంది. వీణకి చెక్క పలకాలి, స్పీకరుకి చెక్క నోరు మూసుకుని కూర్చోవాలి. సరే, వేలి కణుపుతో డబ్బా మీద కొట్టి ఫోన్ స్పెక్ట్రమ్‌లో చూస్తే చెక్క మోగేది 610 దగ్గర. 142కి సంబంధం లేదు. 12 మిల్లీమీటర్ల మందం, లోపల 1.4 లీటర్లు, ఇంత చిన్న డబ్బాలో గోడలు అంత కిందికి మోగవని ముందే తట్టాల్సింది.

పది రోజులైంది. ఏదైతే అదయిందని చెరువు దగ్గరికి పట్టుకెళ్లాను, ఎలాగూ అది బాబాయి కోసం కట్టిందే. సఖినేటిపల్లి దాటి ఆయన రొయ్యల చెరువు, రాత్రి కాపలాకి పాటలు కావాలట, నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల మోత మీద వినపడాలట. గట్టు మీద షెడ్డులో నులకమంచం మీద కూర్చుని టోను వేసి ఊరికే వింటున్నాను.

"ఒరేయ్, ఆ కూత ఆపరా బాబూ, రొయ్యలు బెదిరి చస్తాయి," అంటూ బాబాయి డబ్బాని లాక్కుని, ఎక్కడ ఆపాలో తెలియక పొట్టకి ఆనించుకుని బటన్లు వెతుకుతున్నాడు. జీర లేదు! టోను ఉంది, జీర లేదు. "బాబాయ్, కదలకు" అన్నాను. పొట్ట మీంచి తీయించాను, జీర వచ్చింది. మళ్లీ ఆనించమన్నాను, పోయింది. ప్యాసివ్ పక్క చెక్కలో ఉంది కాబట్టి దాన్ని పొట్ట ముయ్యలేదు. నొక్కుకుంటున్నది వెనక మూత.

అక్కడే టార్చి వేసి చూశాం. మూత వంగింది. వానలకి పనస చెమ్మ పీల్చుకుని కింద అంచు మధ్యలో బయటికి ఉబ్బింది. పర్సులోంచి ఏటీఎం కార్డు తీసి పెడితే దూరలేదు, దాని మందం 0.76 మిల్లీమీటర్లు. విజిటింగ్ కార్డు మాత్రం హాయిగా దూరి రెండు అంగుళాలు అటూ ఇటూ జరిగింది. కాబట్టి సందు ఎంత లేదన్నా పావు నుంచి ముప్పావు మిల్లీమీటరు. అంతటితో అయితే ఫుస్సుమనే గాలి చప్పుడే రావాలి, జీర రాకూడదు. మూత విప్పితే తేలింది: ఫోమ్ టేపు రెండు కొసలూ సరిగ్గా ఆ చోటే కలుస్తున్నాయి, ఒక కొస జిగురు ఊడి 6 మిల్లీమీటర్ల నాలుక లేచి ఉంది. లోపలి గాలి ఆ సందులోంచి వస్తూ పోతూ ఆ నాలుకని ఆడిస్తోంది. సన్నాయి పీక లాగా! పదకొండు రోజులుగా నేను విన్నది స్పీకరు కాదు, టేపు ముక్క సన్నాయి. ఎండకి మూత కొంచెం దిగితే సందు మారుతుంది, స్థాయి మారుతుంది, 149 అందుకే అని నా ఊహ. అయిదో రోజు డబ్బాని తిరగేసి పొగ పెట్టి ఉంటే అక్కడికక్కడే దొరికేది.

వడ్రంగికి చూపిస్తే "ఆయ్, నేను అప్పుడే చెప్పానండి, నాలుగు మూలలా నాలుగు స్క్రూలు చాలవని" అన్నాడు. చెప్పాడు నిజమే. 24 సెంటీమీటర్ల మూతకి మధ్యలో పట్టు లేకపోతే ఎలా. స్క్రూ తలలు కనపడితే అందం పోతుందని నేనే వద్దన్నాను.

ఇవాళ పొద్దున పది స్క్రూలు వేశాను, 2 మిల్లీమీటర్ల ఫోమ్ ఒకే షీటులోంచి చట్రంలా కోశాను, అసలు అతుకే లేకుండా. మూత పనసది తీసేసి 9 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై. వెనకనుంచి చూస్తే బడి బల్లలా ఉంది. జీర 80 శాతం సౌండు దాకా లేదు. ఫుల్లు పెడితే 147 దగ్గర దోమ పాడినంత ఇంకా ఉంది. అదేమిటో నాకు తెలుసుకోవాలని లేదు, బాబాయికి వినపడదు.

ఇప్పుడు అసలు లెక్క. సామాన్లు 2,440, వడ్రంగికి 400, నూనె, గరుకు కాగితం 150, కలిపి మూడు వేలకి పది తక్కువ. చెక్క ఊరికే వచ్చింది, నా పదకొండు రోజులూ ఊరికే వచ్చాయి. దాదాపు ఆ డబ్బుకి జేబీఎల్ గో 3 అనే చిన్న స్పీకరు దొరికేది, 4.2 వాట్లు, 110 హెర్ట్జ్ నుంచి పైకి పలుకుతుంది, పావు కిలో లేదు, నీళ్లలో పడినా ఏమీ కాదు. నాది 1 కిలో 460 గ్రాములు, 73 దాకా దిగుతుంది, వానలో పెడితే నాలుగు రోజులు ఏడుస్తాను. ఇంట్లో వింటే రెండింటికీ పోలికే లేదు, నాదే. చెరువు గట్టు మీదికి వస్తే? గోడలు ఉండవు, ఏరేటర్లు నీళ్లు చిమ్మే హోరు కింది గొంతులన్నీ మింగేస్తుంది, అక్కడ 73 ఎవడికి కావాలి. పంటు (గోదారి దాటించే పడవ) ఎక్కి నర్సాపురం వెళ్తూ ఒకసారి పెట్టి చూశాను, ఇంజను మోతలో బాస్ మొత్తం గోదాట్లో కలిసింది, మాటలు మాత్రం వినపడ్డాయి. బాబాయికి కావాల్సింది ఆ మాటలే. బాస్ గోల నాది.

మార్షల్ వాళ్ల ఎంబర్టన్ స్పీకరు పాత గిటార్ యాంప్‌లా ఉంటుందని ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లని ఇదివరకు ఎగతాళి చేసేవాణ్ని, పనస మంచం కోయించాక ఆ నోరు పోయింది. కానీ జేబీఎల్ ఫ్లిప్ లాంటి వాటిని గొట్టం ఆకారంలో ఎందుకు చేస్తారో మాత్రం ఇప్పుడు బాగా అర్థమైంది. గుండ్రటి గోడ వంగదు, నాలుగు మూలల అతుకులు ఉండవు, రెండు చివర్లా ప్యాసివ్‌లు ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో ఊగుతాయి కాబట్టి డబ్బా బల్ల మీద నడవదు.

అందుకని అయిదోది పీవీసీ. 110 మిల్లీమీటర్ల డ్రైనేజీ పైపు ముక్క, లోపలి అడ్డుకొలత 103, పొడవు 18 సెంటీమీటర్లు తీసుకుంటే లోపల లీటరున్నర. ఇల్లు కట్టుకుంటున్న పక్కింటాయన మిగిలిన ముక్క ఇచ్చాడు, ఖర్చు సున్నా. ప్యాసివ్‌లు రెండు కావాలి, ఇంకో 180. పైపు గుండ్రటి ఒంటికి బల్లపరుపు డ్రైవర్ ఎలా కూర్చోబెట్టాలన్నదే తలనొప్పి, వేడి గాలి గన్నుతో ఒక చోట మెత్తబరిచి చెక్క ముక్కతో అదిమి చూద్దామనుకుంటున్నాను. ఎవరైనా అలా చేసి ఉంటే పైపు కంపు కొట్టకుండా ఎంత వేడి పెట్టారో చెప్పండి. పైన కొబ్బరి తాడు చుట్టాలని ఉంది. మా ఆవిడ అప్పుడే అడిగింది, వాన చెమ్మకి తాడు ఉబ్బదా అని.