పింగ్ బాగానే ఉంది, కనెక్షన్ మాత్రం తెగిపోతోంది

ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద వర్చువల్‌బాక్స్‌లో (ఒకే కంప్యూటర్‌లో వేరే కంప్యూటర్లను నడిపించే సాఫ్ట్‌వేర్) రెండు ఉబుంటు సర్వర్లు నడుపుతున్నాను. ఒకదాంట్లో డేటాబేస్ ఉంది. రెండోది దాన్నుంచే క్లోన్ చేసింది, ఇంటర్నెట్ నుంచి ఏవో ఫైళ్లు దించుకునే స్క్రిప్ట్ కోసం. రెండూ బ్రిడ్జ్‌డ్ మోడ్‌లోనే, అంటే వాటికి ఐపీ (నెట్‌వర్క్‌లో చిరునామా) ఇచ్చేది ఇంటి రౌటరే.

క్లోన్ వచ్చాక గొడవ మొదలైంది. ల్యాప్‌టాప్ నుంచి డేటాబేస్ మెషిన్‌కి ఎస్ఎస్‌హెచ్ చేస్తే (అంటే దూరం నుంచి లాగిన్ అయితే) కాసేపు బాగానే ఉండేది, తర్వాత 'కనెక్షన్ రీసెట్ బై పీర్' అంటూ తెగిపోయేది. వెంటనే మళ్లీ కలిసేది. పక్క విండోలో నడుస్తున్న పింగ్‌లో (అవతలి మెషిన్ జవాబిస్తోందో లేదో చూసే పరీక్ష) ఒక్క ప్యాకెట్ కూడా పోలేదు. కేబుల్ మార్చాను, అడాప్టర్ రకాన్ని ఇంటెల్ నుంచి వర్టియోకి మార్చాను, ఎస్ఎస్‌హెచ్ కీప్‌అలైవ్ పెట్టాను. ఏదీ పనిచేయలేదు.

ఒకసారి తెగి మళ్లీ లాగిన్ అయితే, అంతకుముందే హోమ్ ఫోల్డర్‌లో రాసిన ఫైల్ కనబడలేదు. డిస్క్ పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. ఇంకోసారి తెగి కలిశాక ఫైల్ మళ్లీ ఉంది! అంటే నేను వెళ్తున్నది ఒక మెషిన్‌లోకి కాదు.

ల్యాప్‌టాప్‌లో ఏఆర్‌పీ పట్టిక (ఏ ఐపీ ఏ నెట్‌వర్క్ కార్డుదో రాసుకునే జాబితా) చూస్తే అదే ఐపీకి మ్యాక్ అడ్రస్ (కార్డు గుర్తింపు సంఖ్య) మారుతూ కనిపించింది. రెండూ 08:00:27తో మొదలయ్యేవే, అంటే రెండూ వర్చువల్‌బాక్స్ ఇచ్చినవే. పింగ్‌కి ఎవరు జవాబిచ్చినా జవాబే కాబట్టి అది ఆగలేదు. ఎస్ఎస్‌హెచ్ ప్యాకెట్ రెండో మెషిన్‌కి చేరితే మాత్రం, ఆ కనెక్షన్ సంగతి దానికి తెలియదు, రీసెట్ పంపేస్తుంది. హోస్ట్ కీ (ఎస్ఎస్‌హెచ్‌లో సర్వర్‌ని గుర్తుపట్టే కీ) మారిందన్న హెచ్చరికైనా రావాలి కదా అంటే, క్లోన్‌లో ఆ కీలు కూడా అవే. హోస్ట్‌నేమ్ కూడా అదే, ప్రాంప్ట్ చూసి పోల్చుకునే వీల్లేదు.

మ్యాక్‌లు వేరైనప్పుడు రౌటర్ ఒకే ఐపీ ఎందుకిచ్చింది? నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ఇదే. ఉబుంటు సర్వర్‌లో నెట్‌వర్క్ చూసుకునే సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ, డీహెచ్‌సీపీ ద్వారా రౌటర్‌ని ఐపీ అడిగేటప్పుడు తన గుర్తింపుగా మ్యాక్ పంపదు. ఈటీసీ ఫోల్డర్‌లో మెషిన్-ఐడీ అనే ఫైల్ ఉంటుంది, దాన్నుంచి తయారైన ఐడీ పంపుతుంది. నెట్‌వర్క్ కార్డు మారినా మెషిన్ ఒకటేనని రౌటర్‌కి తెలియడానికి ఈ పద్ధతి పనికొస్తుంది. కానీ క్లోన్‌లో ఆ ఫైల్ కూడా అక్షరం పొల్లుపోకుండా వచ్చేస్తుంది. క్లోన్ చేసేటప్పుడు కొత్త మ్యాక్‌లు ఇమ్మని టిక్ పెట్టినా దాన్ని ఎవరూ ముట్టుకోరు. రెండు మెషిన్లలోనూ ఫైల్ తెరిచి చూశాను, 32 అక్షరాలూ అవే.

సరిచేయడానికి పెద్దగా పట్టలేదు. క్లోన్‌లో మెషిన్-ఐడీ ఫైల్‌ని తీసేయకుండా ఖాళీ చేసి రీబూట్ చేస్తే కొత్తది తయారైంది, వేరే ఐపీ వచ్చింది. ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు కూడా చెరిపి కొత్తవి చేయించాను. ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగుల ఫైలైన నెట్‌ప్లాన్‌లో డీహెచ్‌సీపీ-ఐడెంటిఫయర్‌ని మ్యాక్ అని పెట్టినా ఐపీ గొడవ తీరుతుంది గానీ, లాగ్‌లు కూడా మెషిన్-ఐడీ పేరున్న ఫోల్డర్‌లోనే చేరతాయి కాబట్టి ఐడీ మార్చడమే నాకు నచ్చింది. ఇప్పుడు క్లోన్లకి విడిగా ఒక టెంప్లేట్ పెట్టుకున్నాను, అందులో ఆ ఫైల్ ఖాళీగానే ఉంటుంది.