నెహ్రూ జూలో గబ్బిలాలు, గుర్తొచ్చిన కిహాన్సీ కప్ప

వరంగల్ నుంచి మేనకోడలితో హైదరాబాద్ వెళ్లినప్పుడు నేరుగా బహదూర్‌పురాకు ఆటో ఎక్కాం. నెహ్రూ జూలో జనమంతా పులుల దగ్గరే. నాకు మాత్రం నిశాచర జంతువుల విభాగం చూడాలని ఉంది. అక్కడ పగటిని రాత్రి చేసి పెడతారు. బయట ఎండ మండుతున్నా లోపల చీకటే. కళ్లు అలవాటుపడ్డాక పండ్లు తినే గబ్బిలాలు కనిపించాయి.

"అపశకునం అత్తా, పోదాం పా" అని మేనకోడలు నా చెయ్యి లాగింది.

పాపం, ఇళ్లలో పిల్లలు వినేది ఆ మాటే! మన ఊరి చెట్లకు వేలాడే పెద్ద గబ్బిలం రెక్కలు చాపితే మీటరు దాటుతుంది. చూపుతో, వాసనతో పండును పసిగడుతుంది. రసం పీల్చి పిప్పి ఉమ్మేస్తుంది. మర్రి, మేడి గింజల్ని ఎక్కడెక్కడో రాలుస్తుంది. అలాంటి దాన్ని 1972 వన్యప్రాణి చట్టం కాకులు, ఎలుకలతో కలిపి హానికర జీవుల్లో చేర్చింది. 2022 సవరణతో ఆ జాబితాయే పోయింది. ఎప్పుడో జరగాల్సిన న్యాయం.

ఆ చీకట్లో నాకు టాంజానియాలోని కిహాన్సీ కప్ప గుర్తొచ్చింది, దాన్ని బతికించింది కూడా జూలే కాబట్టి. అంగుళం అటూ ఇటూ ఉండే పసుపు రంగు గోండ్రుకప్ప అది. గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. 1996లో శాస్త్రవేత్తల కంటబడింది. ఒకే లోయలో, జలపాతం తుంపర తడిపే కొద్దిపాటి నేలే దాని లోకం. జలవిద్యుత్ కోసం డ్యామ్ కట్టి నీళ్లు మళ్లించగానే తుంపర ఆగిపోయింది. 2000లో దాదాపు 500 కప్పల్ని అమెరికా జూలకు తీసుకెళ్లారు. లోయలో పైపులు పెట్టి నీళ్లు చిమ్మారు. మిగిలినవి కోలుకుంటున్నాయనగా శిలీంధ్ర వ్యాధి సోకింది. 2009లో అడవిలో అంతరించిందని ప్రకటించారు. జూలలో పెరిగిన వాటిని 2012 నుంచి మళ్లీ లోయలో వదిలారు.

గబ్బిలం రాత్రికి మైళ్లు తిరుగుతుంది, కప్పకు పక్క వాగు కూడా పరదేశమే. అందుకని గబ్బిలానికి భయం లేదనుకోలేం. ఏడాదికి సాధారణంగా ఒక్క పిల్లే.

సాయంత్రం చేవెళ్ల రోడ్డు మీదికి వెళ్లాం. రోడ్డు విస్తరణలో పోతాయని జనం ఏళ్లుగా పోరాడిన మర్రిచెట్లు అక్కడివే, సుమారు 900. కిహాన్సీలో తుంపరకు బదులు పైపులైనా దొరికాయి. ఇంత మర్రి నీడకు, పండుకు బదులేం పెడతారు?