కొత్త తరం రియాక్టర్‌కు అనుమతి: దరఖాస్తు స్వీకరించే వరకు నా అనుభవం

హీలియంతో చల్లబరిచే ఒక అధిక ఉష్ణోగ్రత అణు రియాక్టర్ కోసం అమెరికాలో నిర్మాణ అనుమతి అడిగిన బృందంలో నేను లైసెన్సింగ్ ఇంజినీరుగా పనిచేశాను. కంపెనీ పేరు రాయను. అక్కడ రియాక్టర్లకు అనుమతి ఇచ్చేది న్యూక్లియర్ రెగ్యులేటరీ కమిషన్, అందరూ ఎన్‌ఆర్‌సీ అంటారు. కొత్త రియాక్టర్లు రాకపోవడానికి కారణం ఆ సంస్థేనని వాదించేవాళ్లు చాలామంది. మా దరఖాస్తు సమీక్షకు వెళ్లేలోపు ఎక్కువ కాలం గడిచింది మాత్రం మా ఆఫీసులోనే, మా డిజైన్ గురించి మా దగ్గరే జవాబు లేని చోట్ల.

ముందు ఏ దారిలో వెళ్లాలో తేల్చుకోవాలి. పార్ట్ 50 అనే పాత నిబంధనల ప్రకారం మొదట నిర్మాణ అనుమతి, కట్టాక నడపడానికి మరో లైసెన్సు. పార్ట్ 52 ప్రకారం అయితే రెండూ కలిపి ఒకే లైసెన్సు, కానీ డిజైన్ దాదాపు పూర్తయి ఉండాలి. ఏ రకం రియాక్టర్‌కైనా సరిపోయే కొత్త నిబంధనలు 2027 చివరికల్లా తేవాలని 2019లో అమెరికాలో చట్టం వచ్చింది. పార్ట్ 53 అనే ఆ ముసాయిదా 2024 అక్టోబరులో ప్రజాభిప్రాయానికి వచ్చింది. మేం దానికోసం ఆగలేదు. మా డిజైన్ ఇంకా మారుతూనే ఉంది కాబట్టి పార్ట్ 50 పట్టుకున్నాం. అది సరైన నిర్ణయమేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

చిక్కేమిటంటే, పార్ట్ 50లోని డిజైన్ ప్రమాణాలు నీళ్లతో చల్లబరిచే రియాక్టర్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మాలాంటి వాటికి ఆ ప్రమాణాలను ఎలా మార్చుకోవచ్చో చెబుతూ ఎన్‌ఆర్‌సీ 2018లో ఒక మార్గదర్శకం ఇచ్చింది. ప్రమాదాల లెక్క ఆధారంగా భద్రతను నిరూపించే పద్ధతికి 2020లో ఆమోదం తెలిపింది. మా పనంతా ఈ రెండో దాని మీదే నడిచింది.

ఆ పద్ధతిలో జరగగల ప్రతి ఘటననూ రాసుకుంటాం. ఏడాదిలో వందకు ఒకటి కంటే ఎక్కువ అవకాశం ఉన్నవి ఒక వర్గం, అక్కడి నుంచి పదివేలకు ఒకటి వరకు మరో వర్గం, అంతకంటే అరుదైనవి ఇంకో వర్గం. ప్రతిదానిలో ప్లాంటు సరిహద్దు దగ్గరున్న మనిషికి ఎంత రేడియేషన్ తగులుతుందో లెక్కగట్టి గ్రాఫ్ మీద పెడతాం. ఆ గ్రాఫ్‌లో హద్దుగా పెట్టుకున్న గీత దాటితే డిజైన్ మార్చాలి. గీత లోపల ఉంచడానికి ఏ పరికరం తప్పనిసరో దానికి భద్రతా పరికరం అనే ముద్ర పడుతుంది.

ఆ ముద్ర దగ్గరే గొడవంతా. రియాక్టర్ ఆపేశాక కూడా ఇంధనంలో వేడి పుడుతూనే ఉంటుంది. దాన్ని లాగేయడానికి రియాక్టర్ పాత్ర చుట్టూ శీతలీకరణ ప్యానెళ్లు ఉంటాయి. అవి భద్రతా పరికరాలా, కాదా? అవునంటే ప్రతి వెల్డింగ్‌కూ రికార్డు, లోహానికి సర్టిఫికెట్, సరఫరాదారు ఫ్యాక్టరీలో ఆడిట్. ఖర్చు ఎక్కడికో పోతుంది. కాదంటే అవి పనిచేయకపోయినా ఇంధనం నిలబడుతుందని చూపాలి. డిజైన్ బృందం కాదంటుంది, విశ్లేషణ బృందం లెక్కలు ఇంకా తేలలేదంటుంది. వారాల తరబడి అదే మీటింగ్. చివరికి అవి భద్రతా పరికరాలేనని రాశాం.

ఇంధనం విషయంలో ఎన్‌ఆర్‌సీ సమీక్షకురాలు ఒకరు అడిగిన ప్రశ్న బాగా గుర్తుంది. మా ఇంధనం ట్రైసో కణాలు. ఒక్కోటి మిల్లీమీటరు కంటే చిన్నది. లోపల యురేనియం, చుట్టూ కార్బన్, సిలికాన్ కార్బైడ్ పొరలు. అమెరికా ప్రభుత్వ పరీక్షల్లో ఇవి 1600 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా రేడియోధార్మిక పదార్థాన్ని దాదాపుగా బయటికి వదల్లేదు. అందుకే పాత ప్లాంట్లలో ఉండే మందపాటి కాంక్రీటు గోపురం మాకు అక్కర్లేదని, ఆ పొరలే మొదటి అడ్డుగోడ అని రాశాం. ఆ సమీక్షకురాలు పరీక్ష ఫలితాలను ప్రశ్నించలేదు. "పరీక్షలో నిలబడ్డ కణాలు ఒక చోట తయారయ్యాయి. మీవి తయారయ్యేది మరో చోట. అదే నాణ్యత అని ఎలా చూపిస్తారు?" అని అడిగింది. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ ఒక్క ప్రశ్నతో మా ఇంధన తనిఖీ ప్రణాళిక మొత్తం తిరగరాశాం, ముందుకంటే ఎంతో గట్టిగా వచ్చింది.

కాగితాల పని సంగతి బయట ఎవరికీ తెలియదు. వ్యాపార రహస్యం ఉన్న ప్రతి నివేదికకూ రెండు ప్రతులు ఇవ్వాలి. ఒకదానిలో రహస్య భాగాల చుట్టూ బ్రాకెట్లు, ప్రజలకిచ్చే దానిలో ఆ బ్రాకెట్ల మధ్య ఖాళీ. దాన్ని ఎందుకు దాచాలో వివరిస్తూ ఒక అఫిడవిట్. పంపే ముందురోజు రాత్రి రెండు ప్రతులనూ వాక్యం వాక్యం సరిచూసుకునేటప్పుడు ఉండే టెన్షన్ మాటల్లో చెప్పలేను. అయినా ఈ నియమం ఉండాల్సిందే. ప్లాంటు పక్కన బతకబోయే వాళ్లకు మా లెక్కలు చదివే హక్కు ఉంది.

డబ్బు సంగతికొస్తే, దరఖాస్తుకు ముందు జరిగే చర్చలకు కూడా ఎన్‌ఆర్‌సీ గంటల లెక్కన బిల్లు వేస్తుంది, మొదట్లో అది గంటకు 300 డాలర్ల పైనే ఉండేది. కొత్త రియాక్టర్లను ప్రోత్సహించడానికి 2024 జులైలో చట్టమైన అడ్వాన్స్ యాక్ట్ వల్ల 2025 అక్టోబరు నుంచి మాలాంటి దరఖాస్తుదారులకు ఆ రేటు సగం కంటే తగ్గింది. చిన్న కంపెనీలకు ఇది పెద్ద ఊరట. ఇక 2025 మే నెలలో వచ్చిన అధ్యక్షుడి ఉత్తర్వు, కొత్త రియాక్టర్ దరఖాస్తుల మీద 18 నెలల్లోపు తేల్చాలంటోంది. గడువు ఉండటం మంచిదే. కానీ ఆ ఇంధనం ప్రశ్న అడగడానికి సమీక్షకురాలికి తీరిక, ధైర్యం రెండూ ఉండాలి. గడువు ఒత్తిడిలో అలాంటి ప్రశ్నలు మింగేస్తే నష్టపోయేది మా పరిశ్రమే. ఒక్క ప్రమాదం జరిగినా అన్ని కంపెనీల దరఖాస్తులూ అటకెక్కుతాయి.

దరఖాస్తు వేసే ముందు ఎన్‌ఆర్‌సీ సిబ్బంది ముసాయిదాను చదివి, ఎక్కడెక్కడ సమాచారం చాలదో చెబుతారు. తప్పనిసరి కాకపోయినా మేం అడిగి మరీ చదివించాం. దాని తర్వాతే అసలు దరఖాస్తు పంపాం. సమీక్షకు స్వీకరిస్తున్నట్టు ఉత్తరం వచ్చింది, వెంటే సమీక్ష గడువుల పట్టిక. ఇప్పుడు వాళ్లు లెక్కల ఫైళ్లు అడుగుతున్నారు, మేం చూపిస్తున్నాం. భద్రతా సమీక్ష, పర్యావరణ సమీక్ష పక్కపక్కనే సాగుతున్నాయి. తర్వాత రియాక్టర్ భద్రతపై సలహా సంఘం ముందు కూర్చోవాలి. ఇంధన తనిఖీ ప్రణాళిక మీద అక్కడ మాట్లాడాల్సింది నేనే, స్లైడ్లు మొదలుపెట్టాను.