గూడేనికి కరెంటు లైను: నా అనుభవం

విశాఖ ఏజెన్సీలో, ఘాట్ రోడ్డు దిగి కాలిబాటన నడిచి వెళ్లవలసిన ఒక గిరిజన గూడేనికి 11 కేవీ (11 వేల వోల్టుల) లైను వేసే పనిలో నేను కాంట్రాక్టరు తరఫున సైటు ఇంజనీరుగా ఉన్నాను. పని దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామజ్యోతి యోజన కింద మంజూరైంది. ఇప్పుడు ముగిసిపోయిన ఆ పథకంలో కేంద్రం 60 శాతం గ్రాంటు ఇచ్చేది. గడువులోగా పూర్తి చేయడం వంటి షరతులు నెరవేరితే అది 75 శాతం వరకు పెరిగేది. అందువల్ల జాప్యం జరిగితే కాంట్రాక్టరుకు జరిమానా పడటమే కాక, పంపిణీ సంస్థకు రావలసిన గ్రాంటుకూ కోత పడేది.

ఒప్పందంలో ధరల పెరుగుదల, కూలీల కొరత, తుపాను, అనుమతుల జాప్యం అన్నీ వేటికవే విడిగా రాసి ఉన్నాయి. కొండల్లో అవి అలా విడిగా రావు. మాకు గుంతలు తవ్వి స్తంభాలు నిలబెట్టే వీలు నవంబరు నుంచి మే వరకే ఉండేది. ఫిబ్రవరిలో రావలసిన కాగితం ఏప్రిల్‌లో వస్తే పోయినవి రెండు నెలలే అనిపిస్తుంది గాని, మిగిలిన పని వానలు దాటి మళ్లీ నవంబరుకు వెళుతుంది. ఈలోగా అల్యూమినియం తీగ ధర మారుతుంది, ముఠా కూలీలు వేరే పనికి పోతారు.

మా కాగితం అటవీ అనుమతి. 2006 నాటి అటవీ హక్కుల చట్టంలోని సెక్షన్ 3(2) ప్రకారం, ప్రభుత్వ ఆధ్వర్యంలోని విద్యుత్ లైనుకు హెక్టారు లోపు అటవీ భూమి చాలినప్పుడు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టనవసరం లేనప్పుడు, గ్రామసభ సిఫారసుపై డివిజనల్ అటవీ అధికారే అనుమతి ఇవ్వవచ్చు. ఢిల్లీ దాకా ఫైలు నడవదు. 11 కేవీ లైనుకు ఏడు మీటర్ల వెడల్పు లెక్కిస్తారు కనుక హెక్టారంటే సుమారు 1.4 కిలోమీటర్ల పొడవు. తొలి సర్వేలో గీసిన దారి అంతకు మించి అడవిలో ఉంది. పటంలో అదే తిన్నని దారి, అంచనా వ్యయం కూడా తక్కువే. మేము దానిని వదిలి, పట్టా భూముల అంచున కాలిబాట వెంబడి మళ్లీ సర్వే చేశాం. స్తంభాలు పెరిగాయి, మలుపు మలుపునా స్తంభం ఒరగకుండా లాగి పట్టే స్టే తీగలు అవసరమయ్యాయి. ఫైలు మాత్రం జిల్లా దాటలేదు. మొత్తం పనిలో అత్యంత లాభసాటి ఖర్చు అదేనని నా అభిప్రాయం.

గ్రామసభ జరపడం అనుకున్నంత సులువు కాలేదు. సభ్యులలో సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. కాఫీ పండ్లు కోసే రోజుల్లో, సంత రోజున గూడెంలో ముసలివాళ్లు, పిల్లలు తప్ప ఎవరూ ఉండరు. ఊరి పెద్దలే రోజు నిర్ణయించారు. పొలాలకు వెళ్లకముందే, తెల్లవారుతూనే సభ పెట్టారు. "మా జీలుగు చెట్లు కొట్టరు కదా బాబూ?" అని ఒక పెద్దావిడ నిలదీసింది. లైను పోయే దారి వెంట ఆమెను నడిపించి, చెట్టు చెట్టూ చూపించాకే తీర్మానంపై వేలిముద్ర వేసింది.

ఆ తరువాత స్తంభాలు. ఎనిమిది మీటర్ల సిమెంటు స్తంభం మూడు క్వింటాళ్లకు పైగా తూగుతుంది. లారీ ఆగిన చోటి నుంచి దానిని మోకులు కట్టి, భుజాల మీద మోయవలసిందే. మోత కూలికి అంచనాలో రాసిన రేటు మైదాన ప్రాంతానిది. ఏటవాలు ఎక్కువైన చోట ఇనుప స్తంభాలు వాడేందుకు సవరణ అంచనా పెట్టాం. దాని ఆమోదానికి పట్టిన కాలం అటవీ అనుమతికి పట్టిన దానికంటే ఎక్కువ. ఈ అవాంతరం ఏ జాబితాలోనూ లేదు.

లైను చార్జ్ అయ్యాక, అంటే అందులో కరెంటు వదిలాక, మా పని ముగిసినట్టే లెక్క. ప్రభుత్వ నిర్వచనంలో పదో వంతు ఇళ్లకు, బడి వంటి ప్రజా ప్రదేశాలకు కరెంటు ఉంటే ఊరు విద్యుదీకరణ జరిగినట్టే. సరఫరా ఎన్ని గంటలు నిలిచిందన్నది ఆ నిర్వచనంలో లేదు. మొదటి వానల్లోనే పిడుగుపాటుకు అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. దానిని కిందికి దించడానికి, మరొకటి పైకి చేర్చడానికి మళ్లీ అవే మోకులు, అవే భుజాలు అవసరమయ్యాయి. ఆ కూలి ప్రాజెక్టు ఖాతాలో లేదు, నిర్వహణ ఖాతాలోనూ లేదు. ఆ తరువాత నేను చేసిన అంచనాలన్నిటిలో కొండ గూడేలకు ఒక అదనపు ట్రాన్స్‌ఫార్మర్‌ను, దాని మోత కూలితో సహా, మొదటే చేర్చుతున్నాను. కొన్నిసార్లు పరిశీలనలో ఆ పద్దును కొట్టేస్తారు.