పళ్ళ క్లినిక్ పనిలో నాకు అంటిన హెపటైటిస్ బి

మొన్న రిపోర్టులో హెచ్‌బీఎస్ యాంటిజెన్, అంటే ఒంట్లో ఈ వైరస్ ఉందని చూపే గుర్తు, నెగెటివ్ వచ్చింది, యాంటీబాడీలు కూడా తయారయ్యాయన్నారు, అందుకే ఇప్పుడు రాస్తున్నా.

గుంటూరులో ఒక పళ్ళ డాక్టరు దగ్గర అసిస్టెంటుగా చేసేదాన్ని. పన్ను పీకాక ట్రే తీస్తుంటే రక్తం దూది కింద మత్తు సూది, క్యాప్ లేకుండా. గ్లౌజు చీల్చుకుని బొటనవేలికి దిగింది. సార్‌కి చెప్తే "స్పిరిట్ రాసుకో, ఏం కాదు" అని ఇంకో పేషెంట్‌ని పిలిచారు. ఒంట్లో ఆ వైరస్ బాగా ఉన్న మనిషి సూది టీకా లేనివాళ్ళకి గుచ్చుకుంటే 30 శాతం దాకా అంటుకోవచ్చట, అదే హెచ్‌ఐవీ అయితే 0.3 శాతమేనట. లివర్ డాక్టరు గారు చెప్పేదాకా నాకెవరూ చెప్పలేదు. 24 గంటల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్), దాంతోపాటు టీకా వేస్తే చాలావరకు ఆగిపోతుందట. డాక్టర్లు తాము టీకా వేయించుకుంటారు, ట్రేలు కడిగే మాకెవరు వేయిస్తారండీ?

రెండు నెలలు దాటాక వాంతులు, కళ్ళు పచ్చబడ్డాయి. పసరు పోయిద్దామని అత్తయ్య, కుదరదని మా ఆయన. టెస్టుల గోల ఎందుకులెండి, అడ్మిట్ చేశారు.

ఐఎన్‌ఆర్, అంటే రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే టెస్టు, పెరిగిన రాత్రి మాత్రం మర్చిపోలేను. "మాట తేడాగా వచ్చినా, మగతగా ఉన్నా వెంటనే పిలవండి, లివర్ ఫెయిలైతే హైదరాబాద్ పంపాలి" అని డ్యూటీ డాక్టరు మా ఆయనకి చెప్తుంటే నాకు వినపడింది. ఇక ఆయన నన్ను పడుకోనిస్తే ఒట్టు, పాప ఏ క్లాసు, ఇవాళ ఏ వారం, ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టు. నర్సమ్మ వచ్చి చేతులు చాపి అరచేతులు పైకెత్తమనేది, బస్సు ఆపుతున్నట్టు, కొట్టుకుంటున్నాయేమో చూడ్డానికి. ఒకసారి నేను బుధవారం అంటే ఆయన గురువారం అనుకుని చెప్పుల్లేకుండా నర్సు దగ్గరికి పరిగెత్తారు, తీరా చూస్తే ఇంకా పన్నెండు కాలేదు, నేనే కరెక్టు!

తర్వాత సార్ బత్తాయిలు పట్టుకొచ్చి, అత్తయ్య ముందే "గ్లౌజులు వేసుకుంటావుగా, ఇది వేరే దారుల్లో కూడా వస్తుందిలే" అన్నారు. ఆ మాటకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇంటికొచ్చాక నా కంచం, గ్లాసు వేరైపోయాయి. కలిసి తింటే అంటదని డాక్టరు గారు పిలిచి చెప్తేగానీ అత్తయ్య వినలేదు. మళ్ళీ ఆవిడే నాకోసం కోటప్పకొండ మెట్లెక్కింది, ఏమనాలి ఆవిణ్ణి! పాపకి చిన్నప్పుడే టీకా పడింది, ఆయనకి వేయించాం. పెద్దవాళ్ళలో నూటికి 95 మందికి దానంతటదే తగ్గుతుందట, ఆరు నెలలు దాటినా యాంటిజెన్ పోకపోతేనే దీర్ఘకాలం అంటారు. నాకు పోయింది, త్రికోటేశ్వరుడి దయ.

ఈ పనిలో ఉన్న అమ్మాయిలూ, మూడు డోసులు వేయించుకోండి, ఇవాళ ఒకటి, నెల తర్వాత ఒకటి, ఆరో నెలకి ఒకటి, అయ్యాక ఒకట్రెండు నెలలకి టైటర్ (రక్తంలో యాంటీబాడీలు ఎన్ని ఉన్నాయో చూసే టెస్టు) చూపించుకోండి, 10 దాటాలి. ఎండిన రక్తంలో కూడా ఈ వైరస్ 7 రోజులు బతుకుతుంది. సూదుల డబ్బా కుర్చీ పక్కనే పెట్టమని అడగండి, విసుక్కుంటే విసుక్కోనీ. నేనిప్పుడు వేరే క్లినిక్‌లో చేస్తున్నా, చేరేముందు అదే అడిగా. నేను మంచంలో ఉన్నన్నాళ్ళ జీతం పాత సార్ ఇంకా ఇవ్వలేదు, ఫోన్ చేస్తే ఎత్తట్లేదు, సోమవారం వెళ్ళి కూర్చుంటా.